మా చిన్నాయన కట్టిన స్వామి వేషం

అప్పట్లో మా హిందూపురంలో మగవాడు ఆడవేషం కట్టడానికి అడ్డమొచ్చేది మీసం ఒక్కటే. బడిపంతులుగా చేరిన తొలి ఏడే నేను దాన్ని తీయించుకుని, నాటకంలో శాంత అనే పిల్ల వేషానికి ఒప్పుకున్నాను. (బడిలో పిల్లకాయలు నన్ను చూసి లేచి నిలబడటం మానేశారు.) శాంత నచ్చినవాణ్ణి పెళ్లాడిందని ఊళ్లోంచి వెళ్లగొట్టే మఠం స్వామి ఒకడుంటాడు. అంతకుముందు ఆ వేషం కట్టినవాళ్లంతా కళ్లురిమి, గడ్డం నిమిరి, వికటంగా నవ్వేవాళ్లు. జనం భయపడకపోగా వాళ్లతో కలిసి నవ్వేవారు. ఈసారి ఆ వేషం మా చిన్నాయనకు ఇచ్చారు.

చిన్నాయనకు బజారులో కిరాణా అంగడి. స్నానం చేయనిదే తక్కెడ ముట్టడు, శనివారం భజన తప్పడు. మా హార్మోనియం మేష్టరు ఎవరికి తీరిన వేళ వాళ్లను పిలిచి, ఎవరి మాటలు వాళ్లకు విడివిడిగా నోటితోనే నేర్పేవాడు. చిన్నాయన తన మాటలు మాత్రం నేర్చుకుని, కథకు నాయకుడు స్వామేనని నిశ్చయించుకున్నాడు! ఆఖరి రంగంలో ఊరంతా స్వామిని ఛీకొడుతుంది గానీ, ఆ రంగంలో ఆయన ఉండడు.

"ఏమప్పా, ధర్మం నిలబెట్టే వేషం నాకిచ్చినారు, నా పుణ్యం," అని ఆయన పొంగిపోతుంటే మాకు నవ్వు ఆగేది కాదు. మేష్టరు మమ్మల్ని పక్కకు లాగి, "ఎవురూ ఆయప్పకు చెప్పాకండి. మంచోణ్ణనుకునే చేస్తాండాడు. చూస్తాంటే నాకు ఒళ్లు జలదరిస్తాండాది," అన్నాడు.

చిన్నాయన చెల్లెలు, మా చిట్టి అత్త, లారీ డ్రైవరును ఇష్టపడి పెళ్లి చేసుకుని పెనుకొండలో కాపురముండేది. ఆమెకు పుట్టింటి తలుపు మూసింది చిన్నాయనే. ఆమె పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. మా మొదటి ఆటేమో పెనుకొండలోనే. అన్న వేషం కడుతున్నాడని విని అత్త వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. (ఇది మాకు ఆట అయ్యాకే తెలిసింది.)

వెళ్లగొట్టే ఘట్టంలో చిన్నాయన కళ్లురమలేదు. నా తల మీద చెయ్యి పెట్టాడు. "నిన్ను పంపేది నాకిష్టమా తల్లీ? ధర్మం ఒప్పుకోదే!" అంటూ బొటబొటా కన్నీళ్లు కార్చాడు. ఈసారి జనం నవ్వలేదు. 'పో శాంతా' అనవలసిన చోట, "పోమ్మా చిట్టీ, మళ్లీ ఈ గడప తొక్కాకు," అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. (నా ఏడుపే అంత బాగా కుదిరిందనుకున్నాను, సన్నాసిని!) ఆడవాళ్లలో ఒకామె లేచి వెళ్లిపోయింది.

ఆఖరి రంగం తెర పక్కన నిలబడి విన్నాడు చిన్నాయన. ఊరివాళ్లు స్వామిని తిడుతుంటే ఆయన ముఖం పాలిపోయింది. మేష్టరు చెయ్యి పట్టుకుని, "అయితే నేను చెడ్డోణ్ణా?" అని అడిగాడు. అంతలో ఎవరో వచ్చి, "మీ చెల్లెలు ఏడ్చుకుంటా పోయె గదప్పా," అని చెప్పారు.

తెల్లవారి ధర్మవరం ఆటకు పోవలసినవాళ్లం. చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని అత్త ఇంటికి పోయాడు. అత్త గడపలోనే నిలబడింది.

"చిట్టీ, అది నాటకం గదమ్మా," అన్నాడు.

"నాటకమైతే నా పేరు యాడనుంచి వచ్చెన్నా?"

'తప్పు నాదే' అంటే చాలు. అత్త ఆ ఒక్క మాట కోసమే ఆయన ముఖంలోకి చూస్తోంది. చిన్నాయన కండువా సవరించుకుని, లేని నవ్వు తెచ్చుకుని, "నోరు జారినాలే. ఆటల్లో ఇట్లాంటివి అవుతాంటాయి," అన్నాడు. అత్త తలుపు వేసేసింది.

చిన్నాయన ధర్మవరం రాలేదు, హిందూపురం బస్సెక్కేశాడు. ఆయన బదులు కట్టినవాడు కళ్లురిమాడు, జనం పకపకా నవ్వారు. అన్నాచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకోకుండానే ఇద్దరూ కన్నుమూశారు.

ఇప్పుడు టీవీలో కాషాయం కట్టిన విలన్లు పళ్లు కొరుకుతుంటే మా మనవరాలు బెదిరిపోతుంది. నాకు మాత్రం కన్నీళ్లు పెట్టుకుని, తల నిమిరి, గడప దాటించినవాడే గుర్తొస్తాడు. ఆయన పక్కన నిలబడ్డ కాటుక కళ్ల కుర్రవాడూ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ తలుపు ముందు కూడా వాడు, ధర్మవరంలో ఇంకా బాగా ఎలా ఏడవాలా అని ఆలోచిస్తున్నాడు! పాపం చిన్నాయన, జన్మలో నటించింది ఆ తలుపు ముందు ఒక్కసారే. అదీ చేతకాలేదు, అత్త ఇట్టే కనిపెట్టేసింది.