మొదటి బోటు ఉండదని తెలిసిన సాయంత్రం

పదిహేడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. రెండు ముక్కల అబద్ధం. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌కు నీళ్ల అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల పార్వతి ఉండేది. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్లేవాడు. నర్సింగ్ ప్రవేశపరీక్షకు ఇద్దరం కలిసే చదివాం. పోర్ట్ బ్లెయిర్‌లో ట్యూషన్. బోటు దాటేంతసేపూ ఆమె పాఠం పైకి చదివేది, నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. ఆ గొంతూ, ఇంజను చప్పుడూ, నీళ్ల మీది ఎండా కలిసిపోయి, గుండెలోని నాలుగు గదులూ నా రెప్పల వెనక మెల్లగా తెరుచుకునేవి. ఆ పాఠాలు నాకిప్పటికీ ఆమె గొంతులోనే గుర్తొస్తాయి.

పరీక్ష దగ్గరపడేసరికి నాకు అన్నం దిగడం మానేసింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుకుంటూ పోయేవి. పార్వతి మాత్రం హాయిగా నిద్రపోయేది. నాకు కుళ్లు పుట్టింది. దీవుల వాళ్లకున్న కాసిని సీట్లలో ఒకటి ఆమె పట్టుకుపోతుందని రోజూ అనుకునేదాన్ని.

ముందురోజు సాయంత్రం మామయ్య వచ్చాడు. బోటులో పనిచేసేవాడు, మా వీధంతా బోటు సంగతి ఆయన్నే అడిగేది. గాలి ఎక్కువగా ఉంది, పొద్దున మొదటి బోటు వదలరు, చౌల్దారీ మీదుగా చుట్టు తిరిగి వెళ్లే తొలి బస్సు ఎక్కండి, పార్వతికీ చెప్పు అన్నాడు. చెప్పడానికే వెళ్లాను. ఒట్టు. ఆమె గుమ్మంలో కూర్చుని జడ వేసుకుంటోంది.

"ఏటే, మీ మామయ్యేటన్నాడు? రేపు ఫస్ట్ బోటుంటాదా?"

"పక్కా ఉంటాది. టెన్షన్ మత్ లే."

కంగారు పడొద్దని కూడా చెప్పాను. ఎందుకలా అన్నాను? ముందే అనుకుని వెళ్లానా? ఇప్పటికీ తెలియదు. వెనక్కి తిరిగి నిజం చెప్పడానికి వీధి పొడుగునా సమయం ఉంది. ఇంటికి వచ్చేశాను.

పొద్దున బస్సు కిటికీలోంచి వక్కతోటలు గాలికి ఊగుతూ వెనక్కి పోయాయి. ఒళ్లంతా నిద్రలో ఉన్నట్టుంది. ఫారాలు కలిసే పెట్టాం కాబట్టి పరీక్ష హాల్లో నా ముందు బల్ల ఆమెది. అది ఖాళీగా ఉంది. అది చూశాక ప్రశ్నపత్రం మీద అక్షరాలు ఈదడం మానేశాయి. అబద్ధం కన్నా ఆ ప్రశాంతతకే నాకు ఎక్కువ సిగ్గు.

గేటు మూశాక వచ్చిందట. మళ్లీ ఏడాది వాళ్లింట్లో పరీక్ష రాయనివ్వలేదు. మీ మామయ్య చివరి నిమిషంలో లేపి బస్సెక్కించి ఉంటాడు, ముందురోజు గాలి సంగతి నీకేం తెలుసులే అని తిరిగి నన్నే ఓదార్చింది.

నేను నర్సునయ్యాను. ఆమె హోప్ టౌన్‌లో చేపలమ్ముతుంది. మొన్న కూతుర్ని తీసుకొచ్చింది, పరీక్షలంటే వణికిపోతోంది, కాస్త ధైర్యం చెప్పమని. నెమ్మదిగా ఊపిరి తీసుకోమని ఆ పిల్లకు చెప్పాను. పక్కన కూర్చుని పార్వతి నన్ను గర్వంగా చూసింది.

బోటు ఉండదని నాకు తెలుసు. పార్వతీ, తెలిసే చెప్పాను. ఇది రాశాక గుండె తేలికపడింది. అది కూడా నాకు దక్కకూడనిదేనేమో.