గుర్రపాయన, కుర్చీ పెద్దాయన

మా టీవీలో తెలుగు చానళ్లన్నీ చుక్కలు చుక్కలుగా వచ్చేవి. నలుపు తెలుపు అమెరికా సినిమాలు వేసే చానల్ ఒక్కటే శుభ్రంగా కనిపించేది. అందుకని జువ్వలదిన్నెలో మా వదిన, అంటే నా భర్త అక్క, నేనూ మధ్యాహ్నాలు అదే చూసేవాళ్లం. ఎండలో ఆరేసిన చేపలు తిరగేసి వచ్చి, ఎంత కడిగినా పోని ఉప్పు వాసన చేతులతో టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఇద్దరం మొగుళ్లు పోయినవాళ్లమే. ఇద్దరికీ ఆ భాష తెలియదు, ఏ అక్షరమూ తెలియదు. కథ వదిన చెప్పేది.

మాకు నచ్చిన నటుడు ఒకడుండేవాడు. హీరో కాదు. హీరో పక్కన గుర్రం మీద వచ్చేవాడు, సగం సినిమాకే చచ్చిపోయేవాడు. నడిచేటప్పుడు ఎడమ భుజం కాస్త వాలేది. వదిన అతనికి గుర్రపాయన అని పేరు పెట్టింది. కొన్నాళ్లకు ఏదో పాత సీరియల్లో ఒక ముసలాయన కనిపించాడు. కుర్చీలోంచి లేచి నడిస్తే అదే భుజం, అదే వాలు.

“చూసినావా మే, ఈయన వాడి నాయన!” అంది వదిన.

“నీకెట్ట తెలుసు?”

“భుజం చూడు. మీ ఆయన అచ్చం మా నాయన మాదిరి నడిచేవాడు కాదా? గమ్మునుండి చూడు.”

అప్పటినుంచి వాళ్లు మాకు తండ్రీకొడుకులు. కానీ ఇద్దరూ కలిసి ఒక్క సినిమాలోనూ రాలేదు. వదినకు అదే దిగులు. ఆమె కొడుకు పడవ విషయంలో తండ్రితో గొడవపడి ఒంగోలు వైపు వెళ్లిపోయాడు. తండ్రి పోయినప్పుడు కూడా రాలేదు.

“వీళ్లన్నా కలుస్తారేమో చూద్దాం మే,” అనేది.

వదిన మంచం పట్టాక టీవీ వైపు తల తిప్పుకుని పడుకునేది. ఒకరోజు “ఇయ్యాలన్నా వచ్చినాడా?” అని అడిగింది. ఎవరు అని నేను అడగలేదు.

“రాలా వదినే,” అన్నాను.

ఆమె పోయాక ఇంట్లో మాట వినపడక, పొదుపు సంఘం వాళ్లు పెట్టిన సాయంత్రం బడికి వెళ్లాను. యాభై దాటాక అఆలు దిద్దాను. తరువాత టీచరమ్మ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా నేర్పింది. ఇప్పుడు ఆ సినిమాలు ఫోన్లో దొరుకుతున్నాయి. కొన్నింటి చివర్లో ఒక్కొక్కరి ముఖం చూపించి కింద పేరు వేస్తారు. గుర్రపాయన పేరు కూడబలుక్కుని చదివాను. కుర్చీ పెద్దాయన ముఖం కింద కూడా అదే పేరు. నమ్మలేక మరొకటి పెట్టాను, ఇంకొకటి పెట్టాను. అదే పేరు.

తండ్రీ లేడు, కొడుకూ లేడు. ఒక్కడే మనిషి. గుర్రమెక్కినవాడే ఏళ్లు గడిచి, వేషాలు తగ్గి, కుర్చీలోకి వచ్చాడు. వదిన ఆయన చుట్టూ కట్టిన సంసారంలో ఆయన తప్ప ఎవరూ లేరు. ఆమె ఉండుంటే ఈ సంగతి చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు.

మొన్న ఒక సీరియల్ పెట్టాను. పెద్దాయన గదిలో ఒంటరిగా ఉన్నాడు. ఒక్క డైలాగు కూడా ఇవ్వలేదు ఆయనకు. మెల్లగా లేచి గోడకున్న ఫోటో దగ్గరికి నడిచాడు. అందులో గుర్రం పక్కన నవ్వుతూ కుర్రవాడు. ఆయన పాత ఫోటోనే అక్కడ తగిలించారని నాకు తెలుస్తూనే ఉంది. అయినా బొమ్మ కదలకుండా ఆపి, ఫోన్‌ను వదిన మంచం ఉండిన మూల వైపు తిప్పి పట్టుకున్నాను.

“వచ్చినాడు వదినే,” అన్నాను.