ఊరు వచ్చి విన్న పాఠం

కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం నాకు చేతకాదు. బల్లల మధ్య తిరుగుతూనే ఉంటాను. కిటికీ దగ్గర ఆగుతాను, మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్తాను. చేతిలో సుద్దముక్క పీరియడ్ అయ్యేలోపు పొడైపోతుంది. సాలూరు పక్క వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన నేను, నౌపడ దాటి ఉప్పుమడుల పక్కనుంచి వెళ్తే వచ్చే ఓ సముద్రపు ఊరి హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేరాను. ఊరు నచ్చింది కానీ మనసు కుదురుకోలేదు. బదిలీల మాట ఎప్పుడు వినపడినా చెవి అటే పోయేది.

ఆ ఏడాది తొమ్మిదో తరగతికి యూరప్ చరిత్ర చెబుతున్నాను. పాఠం మొదట్లోనే కీలక పదాలు వరసగా ఉంటాయి. సామ్రాజ్యం, నగర రాజ్యం, భూస్వామ్యం, పునరుజ్జీవనం, మత సంస్కరణ. పిల్లలు వాటిని నోటికి వల్లె వేసి అప్పజెప్పేస్తారు. అర్థం అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. అందుకని ఒక్కో పదాన్నీ కథలా చెప్పేదాన్ని. పోపు అనగానే క్లాసంతా నవ్వింది. తాలింపు గింజలు కాదర్రా, వాళ్ళ మతానికి పెద్ద అని చెప్పాల్సి వచ్చింది. దేవుడి పుస్తకం జనానికి తెలియని భాషలో ఉండేదనీ, పాపాలు పోతాయని చెప్పి కాగితాలు అమ్మేవారనీ, ఒక సన్యాసి ఇదేమిటని అడిగాడనీ చెప్పాను. దేవుడికీ మనిషికీ నడుమ ఇంకొకరు ఎందుకని ఆయన వాదించాడని కూడా చెప్పాను.

ముందు బల్లలో కూర్చునే ఒక అమ్మాయికి విన్నదంతా ఇంటికి మోసుకుపోయే అలవాటు. వాళ్ళ నాన్నకు పడవ ఉంది. సాయంత్రం వాళ్ళ నానమ్మ ఎండుచేపలు ఏరుతుంటే పక్కన కూర్చుని నా పాఠం మొత్తం చెప్పిందట. నానమ్మ ఆ మాట పక్కింటికి చెప్పింది. అక్కడినుంచి ఎటు తిరిగిందో ఏమో, సోమవారం నాటికి ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. అమ్మవారి సంబరం దగ్గరపడుతున్న రోజులవి. వీధుల్లో పందిళ్ళు లేస్తున్నాయి. అలాంటప్పుడు, మేడమ్ పిల్లల్ని గుడికి వెళ్ళొద్దంటోందట, చర్చి పాఠాలు చెబుతోందట అంటే ఊరుకుంటారా?

ఆ అమ్మాయి నాన్న మరి కొంతమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో నన్ను పిలిపించారు.

“మేడమ్, మా పిల్లకి సర్చి పాఠం సెప్తన్నారంట. నిజిమేనా?”

“పాఠంలో చర్చి ఉంది బాబూ. నేను చెప్పింది చరిత్ర.”

“సరిత్రంటే రాజులు, యుద్ధాలు గదా? అందల దేవుడెందుకొస్తాడు?”

పుస్తకం తెరిచి పేజీ చూపించాను. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. ఆయన పుస్తకం వైపు చూడలేదు, నా మొహంలోకే చూశాడు. మా పిల్లల జోలికి రావొద్దని చెప్పి అందరూ లేచి వెళ్ళిపోయారు. అప్పటికి రిటైర్మెంటు దగ్గరపడిన హెడ్మాస్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ, “ఆ పాఠం వదిలీండమ్మా. పరీక్షలో రెండు మార్కులు. రెండు మార్కులకి ఊరితో గొడవెందుకు?” అన్నారు.

ఆ సాయంత్రం టెక్కలిలో నా అద్దె గదిలో ఒక్కచోట నిలవలేకపోయాను. పొయ్యి మీద బియ్యం పెట్టి మర్చిపోయాను. మా ఆయన సాలూరులో లారీ ఆఫీసులో పనిచేస్తారు. ఫోన్ చేస్తే, “బదిలీ పెట్టుకుని వచ్చేయ్, ఎందుకా బాధ?” అన్నారు. ఆ మాట కోసమే ఫోన్ చేశానేమో. తీరా ఆయన అన్నాక మాత్రం కోపం వచ్చింది. నేను తప్పు చెప్పలేదు. తప్పు చెప్పనిదానికి పారిపోవడమేమిటి? కానీ రేపు ఆ క్లాసులో నిలబడాలంటే భయంగా ఉన్న మాటా నిజమే.

మర్నాడు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, వాళ్ళనే రమ్మందాం సార్, వెనక బల్లల్లో కూర్చుని వింటారు, అదే పాఠం మళ్ళీ చెబుతాను అన్నాను. ఆయన ముందు వద్దన్నారు. చివరికి, “ఏదైనా అయితే నాను లేనమ్మా” అని ఒప్పుకున్నారు. ఆ రోజు మాత్రం తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

వస్తారనుకోలేదు. వచ్చారు. పిల్లల బల్లల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు. నానమ్మ కూడా వచ్చి, బల్ల వద్దని గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది. క్లాసంతా చేపల వాసన, కొత్త చొక్కాల వాసన. పిల్లలు సిగ్గుతో తల దించుకున్నారు.

నేను సామ్రాజ్యం దగ్గర మొదలుపెట్టాను. ఎక్కడో కూర్చున్న ఒకడి మాట దూరదేశాల్లో కూడా చెల్లితే అది సామ్రాజ్యం అన్నాను. అలాంటి సామ్రాజ్యం కూలిపోయాక ఆ దేశాల్లో మత పెద్దల మాట రాజుల మాటను మించి ఎలా చెల్లిందో చెప్పాను. పాపాల కాగితాల దగ్గరికి వచ్చేసరికి నానమ్మ ఉండబట్టలేకపోయింది.

“పాపాలికి కాయితాలమ్మీవోరా? ఎవులు కొన్నారే అమ్మా?”

“భయపడ్డవాళ్ళు కొన్నారమ్మా.”

“మరి ఆ అడిగిన మడిసి దేవుణ్ణొదిలీసినాడా?”

“లేదు. దేవుణ్ణి వదల్లేదు. ఆ పుస్తకాన్ని తన ఊరివాళ్ళ భాషలోకి మార్చాడు.”

ఆవిడ కొడుకు వైపు తిరిగి, “ఇందల మనమ్మోరి మాటే లేదురా. నువ్వేటి ఇన్నావో ఏటో” అంది. వెనక ఎవరో నవ్వారు. నాకు ఊపిరి తిరిగింది. అంతలో అమ్మాయి నాన్న లేచి నిలబడ్డాడు.

“సరే మేడమ్. ఆళ్ళ దేవుడి సంగతి సెప్పినారు. రేపు మా పిల్ల మా అమ్మోరి గురించి అలగే అడిగితే ఏటి సెప్తారు?”

తలుపు దగ్గర హెడ్మాస్టరు కదిలారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

“మీ అమ్మవారి గురించి నేను చెప్పను బాబూ. కానీ మీ పాప అడిగితే, అడక్కని మాత్రం అనలేను.”

ఆయన బయటికి నడిచాడు. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. నానమ్మ మాత్రం గంట కొట్టేదాకా కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. హాజరు తీసేటప్పుడు ఆ పేరు రెండుసార్లు పిలిచేదాన్ని. గేటు చప్పుడైతే కిటికీలోంచి చూసేదాన్ని. సంబరం వచ్చింది, డప్పులు మోగాయి, పందిళ్ళు విప్పారు. అమ్మాయి రాలేదు. ఇక ఆగలేక ఒక సాయంత్రం బడి వదిలాక ఒడ్డుకు వెళ్ళాను. అమ్మాయి నాన్న ఇసుకలో కాళ్ళు చాపుకుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నేనే పక్కన కూర్చున్నాను.

“పాపని పంపించండి బాబూ. నా మీద కోపం ఉంటే నన్ను అడగండి.”

“కోపం కాదు మేడమ్.” ఆయన వల మీంచి తల ఎత్తలేదు. “అది ఇంట్ల ఊరుకోడం లేదు. ఆడోళ్ళు పడవెక్కకూడదని ఎవులు రాసినారు, ఏ పుస్తకంల రాసినారు, సూపించమంటన్నాది. నానేటి సూపిత్తాను? మా తాత సెప్పినాడు, మా నాన సెప్పినాడు. అంతే.”

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పడవ మాట నేను చెప్పలేదు. ఆ పిల్ల తనంతట తాను అక్కడికి వెళ్ళింది.

“అడిగితే తప్పా?” అన్నాను.

“తప్పని నానన్నానా? జవాబు లేనోడికి కస్టమంతన్నాను.” దారం కొరికి తెంపాడు. “పడవ సంగతి నాను సూసుకుంతాను. బడి సంగతి మీరు సూసుకోండి. సోమారం వస్తాది.”

సోమవారం వచ్చింది. కానీ ముందు బల్ల వదిలేసి వెనక కూర్చుంది. వారాల తరబడి ఒక్క ప్రశ్న అడగలేదు. రాసుకోమంటే రాసుకునేది, చదవమంటే చదివేది. ఊరంతా వచ్చి గదిలో కూర్చున్న రోజుకన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ నలిపింది. ఇంట్లో ఏం మాట ఇచ్చిందో, ఎవరికి ఇచ్చిందో నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేకపోయాను. బదిలీ దరఖాస్తు సగం నింపి ఆపేశాను.

తుపాను వానలు పట్టాక ఫ్రాన్సు విప్లవం దగ్గరికి వచ్చాం. రొట్టెలు దొరక్క ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చిన సంగతి చెబుతున్నాను. వెనకనుంచి చెయ్యి లేచింది.

“మేడమ్, ఆళ్ళు ముందు ఎవుల్ని అడిగినారు? అడిగినప్పుడు ఎవులూ సెప్పలేదా?”

చేతిలో సుద్దముక్క కింద పడింది. వంగి తీసుకుని, వెనక బల్లల వైపు నడుస్తూ జవాబు మొదలుపెట్టాను. గంట కొట్టారు. తర్వాతి పీరియడ్ లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.