బావ కోసం కుట్టించుకున్న బట్టలు

పోయిన ఆదివారం మా బీరువా తలుపు మూతపడలేదు. భుజంతో నెట్టినా పడలేదు. మా ఆవిడ పక్కన నిలబడి నా తంటాలు కాసేపు చూసి, "నా నాలుగు చీరలు పెట్టుకునేటందుకు జాగ లేదు. నీ అంగీలేమో దుకాణంల లెక్క యాలాడుతున్నయ్. రిటైరయినోనికి గిన్ని బట్టలెందుకు? ఎవలు సూస్తరు?" అంది. మామూలుగా అయితే మాటకు మాట అనేవాణ్ణి. నన్నెవరైనా ఒక మాట అంటే ఊరుకోననీ, అన్నది మరిచిపోననీ చిట్కుల్‌లో మా వీధి మొత్తానికి తెలుసు. ఎప్పుడో ఒక ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ దగ్గర నా బిందె పక్కకు జరిపిన ఎదురింటాయనతో నేను ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను. అయినా ఆవేళ తలుపు అట్లాగే వదిలేసి మంచం మీద కూర్చున్నాను. ఎవలు సూస్తరు అని అడిగింది కదా, ఆ ప్రశ్న సూటిగానే తగిలింది. ఆ బట్టలన్నీ ఒక్క మనిషి చూడాలని కుట్టించుకున్నవే. మా బావ చూడాలని.

బావ అంటే మా అక్క భర్త. వాళ్లది కొండాపూర్ వైపు ఊరు, మొదట వ్యవసాయం. అమీన్‌పూర్ చెరువు చుట్టూ ప్లాట్లు పడడం మొదలైన రోజుల్లో ఆయన పొలం వదిలేసి ప్లాట్లు చూపించే పనిలో దిగి, చూస్తుండగానే పైకి వచ్చాడు. తెల్లటి లినెన్ చొక్కా, నలగని ప్యాంటు, దుమ్ము పట్టని బూట్లు. ఎర్రమట్టి వెంచర్లలో రోజంతా తిరిగిన మనిషి సాయంత్రానికి కూడా అప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఎట్లా ఉండేవాడో నాకు అంతు పట్టేది కాదు. మాట కూడా ఆ చొక్కాలాగే గంజి పెట్టినట్టు ఉండేది. నేనేమో పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో ఆపరేటర్ని. ఏడాదికి రెండు జతల నీలం బట్ట కంపెనీ ఇచ్చేది, మనమే కుట్టించుకోవాలి. పెళ్లికైనా పేరంటానికైనా నాకున్న మంచి బట్టలు అవే అన్నట్టు బతికాను. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు కట్టేసరికి, చొక్కా మీద ఖర్చు పెట్టడం తప్పుపని చేసినట్టు అనిపించేది.

అక్కావాళ్లు అమీన్‌పూర్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నారు. మా వైపు ఆచారం ప్రకారం ఆడపిల్ల ఇంటి పండుగకు పుట్టింటివాళ్లు బట్టలు తీసుకుపోవాలి. అప్పటికే మా అమ్మానాన్నలు లేరు కాబట్టి పుట్టిల్లు అంటే నేనొక్కణ్ణే. అక్కకు పట్టుచీర, బావకు ప్యాంటు ముక్క, చొక్కా ముక్క కొన్నాను. బట్టలతో మా ఆవిడను ముందే పంపించి, నేను షిఫ్టు దిగాక, ఇంటికి పోతే ముహూర్తం దాటిపోతుందని యూనిఫాంలోనే ఆటో ఎక్కి నేరుగా పోయాను. గేటు దగ్గరే బావ పది మందిలో నన్ను ఆపాడు. "ఏంరా బామ్మర్దీ, కంపెనీ డ్రెస్‌ల దిగినవ్! ఫంక్షన్‌కు వచ్చినవా, మోటర్ రిపేర్‌కు వచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అక్క చూస్తోంది కాబట్టి.

దాన్ని మరిచిపోయి ఉండేవాణ్ణేమో. బహుశా మరిచిపోయేవాణ్ణి కాదు, కానీ లోపలే పెట్టుకునేవాణ్ణి. బట్టలు పెట్టే వేళకు మా ఆవిడా నేనూ దంపతుల ముందు కూర్చుని బొట్టు పెట్టి వాళ్ల చేతుల్లో బట్టలు పెట్టాం. అక్క వెంటనే లోపలికి వెళ్లి మా చీర కట్టుకుని వచ్చింది. కుట్టని ముక్కలు మగవాళ్లు తొడుక్కోలేరు కదా, అందుకని పూజ అయ్యేదాకా భుజం మీద వేసుకుని కూర్చుంటారు. అంతే, కొంచెంసేపు. బావ ప్యాంటు ముక్క పక్కన పడేసి చొక్కా ముక్క విప్పాడు, వెలుతురుకు పట్టి చూశాడు, పక్కనే నిలబడ్డ తన కారు డ్రైవర్ చేతిలో పెట్టాడు. "నువ్వు కుట్టించుకోరా. నాకు గిట్ల మెరిసేటియి నడువయ్" అన్నాడు. గుడ్డ మెరిసిన మాట నిజమే. దుకాణంవాడు అది కొత్త రకం అన్నాడు, నేను నమ్మాను. కానీ అది మా అమ్మానాన్నల పేరున పెట్టిన బట్ట. పుట్టింటి బట్ట భుజం మీద లేకుండానే ఆయన పూజలో కూర్చున్నాడు. అక్క తల ఎత్తలేదు. నేను అన్నం తినకుండా వచ్చేశాను. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కనన్నాను, తొక్కలేదు. ఒకనాటికి ఆ మనిషి నా చొక్కా పట్టుకుని, మంచిగున్నదిరా అని తన నోటితో అనాలి. అప్పటిదాకా నాకు నిద్ర లేదనుకున్నాను.

ఆ పట్టుదలతో గుడ్డ గురించి నేర్చుకున్నాను. చేతిలో డబ్బు లేనివాడు దుకాణంలో తప్పు చేయకూడదు, తప్పు చేస్తే ఏడాదంతా అదే తొడుక్కుని తిరగాలి. సంగారెడ్డిలో గుడ్డ తానుల చివర మిగిలిన ముక్కలు అమ్మే దుకాణాలు ఉండేవి. పెద్ద షోరూముల్లో అద్దాల వెనక ఉండే గుడ్డే ఇక్కడ కుప్పలో దొరికేది. మొదటి ఏడాది నిండు చేతుల చొక్కాకు సరిపోని ముక్కలు తెచ్చి పొట్టి చేతుల చొక్కాలు కుట్టించుకున్నాను. ఆ తరువాత తెలివి వచ్చింది. రంగులు తగ్గించాను. తెలుపు, లేత నీలం, బూడిద, ముదురు గోధుమ, అంతే. అప్పుడు ఏ చొక్కా మీదికైనా ఏ ప్యాంటైనా కుదిరేది, నాలుగు జతలతో పది జతలు ఉన్నట్టు కనిపించేవాణ్ణి. కుట్టించే ముందు గుడ్డను ఒక రాత్రి బకెట్ నీళ్లలో నానేసేవాణ్ణి. కుంచించుకుపోయేదేదో ముందే పోనీ అని. పటాన్‌చెరువులో మా టైలర్ మంచివాడే గానీ అందరికీ ఒకే కొలత కుట్టే అలవాటు. భుజం కుట్టు ఎముక మీద కూర్చోకపోతే నేను చొక్కా తీసుకునేవాణ్ణి కాదు. "అన్నా, నీ ఒక్క అంగీ కుట్టే యాల్లకు వేరేటోళ్లయి మూడు కుడుత. జెర దయ జూడు" అనేవాడు. నేను దయ చూడలేదు. మూడుసార్లయినా విప్పించేవాణ్ణి.

అసలు కష్టం కంపెనీ వాసన. మందుల కంపెనీ వాసన బట్టలో దూరితే సబ్బుకు పోదు. అందుకని మంచి బట్టలు కంపెనీ బస్సులో తొడుక్కుని పోయి, లాకర్ గదిలో విప్పి, ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టి, నీలం డ్రెస్ వేసుకునేవాణ్ణి. అంటే నా సోకంతా రానూ పోనూ బస్సులోనే. బస్సెక్కగానే వెనక సీటులోంచి, "ఇగో, కలెక్టర్ సాబ్ వచ్చిండు, జరగుండ్రి!" అని కేకలు. నా పక్క మిషన్ మీద పనిచేసే బీహార్ కుర్రవాడు రోజూ ఇవాళ ఎవరి పెళ్లని ఒకటే ప్రశ్న, "దాదా, ఆజ్ కిస్‌కీ షాదీ హై?" అని. మా ఆవిడ మొదట్లో అనుమానపడింది, ఆ తరువాత లోకం ముందు నన్ను వెనకేసుకొచ్చింది, చివరికి విసిగిపోయింది. నవ్వినవాళ్లందరూ నాకు ఇప్పటికీ గుర్తే. కానీ వాళ్ల నవ్వు కోసం కాదు కదా నేను తయారయ్యేది.

అక్క ప్రతి రాఖీకి మా ఇంటికే వచ్చేది కాబట్టి నా పంతానికి అడ్డు రాలేదు. చేతికి దారం కట్టి, నా కొత్త చొక్కా కాలర్ సర్దుతూ, "గింత మంచిగ తయారైతవు, ఒక్కసారి మా ఇంటికి రారాదుర తమ్మీ" అనేది. "మీ ఆయన పిలువాలె. అప్పుడొస్త" అనేవాణ్ణి. ఆయన పిలవలేదు. ఆయనకూ పంతమేనని నేను అనుకున్నాను. తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి పోయి వార్డు బయటే అక్కకు టిఫిన్ డబ్బా ఇచ్చి వచ్చాను. చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చిందనీ, మనుషులనే సరిగ్గా గుర్తుపట్టడం లేదనీ అక్క చెప్పింది. నేను ఊ కొట్టాను. నా మనసులో మాత్రం ఆయన ఆ లినెన్ చొక్కాలోనే నిలబడి ఉన్నాడు.

మేనకోడలి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని బుట్టలో మండపానికి తేవాల్సింది మేనమామ. ఇది పిలుపు మీద ఆధారపడే సంగతి కాదు. ఆ పెళ్లికని బూడిదరంగు సూటింగ్ ముక్క ఒకటి చాలా నెలలు వెతికి పట్టుకుని మెడ దాకా గుండీలుండే బంద్‌గలా కోటు కుట్టించాను. టైలర్ కూడా దానికి ఎదురు చెప్పలేదు. సంగారెడ్డి దగ్గర హైవే పక్క ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టేసరికి, బావ గుమ్మం దగ్గరే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అదే తెల్ల లినెన్ చొక్కా, కానీ గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టి ఉన్నాయి. నన్ను చూడగానే కర్ర పట్టుకుని లేవబోయాడు. అన్నేళ్లలో నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో ఆ లేవడాన్ని!

"నమస్తే సార్. రాండ్రి రాండ్రి. మా పిల్ల పెండ్లికి గింత దూరం వచ్చిండ్రు, సంతోషం" అన్నాడు. నా కోటు చేతిని రెండు వేళ్లతో పట్టి చూశాడు. "గుడ్డ మస్తుగున్నది సార్. యాడ కుట్టించిండ్రు?"

"పటాన్‌చెరువుల" అన్నాను.

"మా బామ్మర్ది గూడ అటుదిక్కే ఉంటడు. కంపెనీల జేస్తడు. ఇంకా రాలే సార్. వాడు రాంది పిల్లను లేపొద్దని చెప్పిన. అలిగిండు వాడు. ఏమన్ననో ఏందో, అలిగిండు."

అక్క పరుగున వచ్చింది. "గీయననే! మా తమ్ముడే. సరిగ సూడు" అంది. ఆయన నన్ను తలనుంచి బూట్ల దాకా చూసి, మర్యాదగా నవ్వి, "ఊకో. సార్ ఏమనుకుంటడు?" అన్నాడు. పెళ్లి చేసే అయ్యగారు మండపం మీంచి మేనమామ రావాలని మైకులో పిలుస్తున్నారు. బావ కర్ర నేలకేసి కొట్టి, "ఆగుమనుండ్రి! బామ్మర్ది రాలే ఇంకా!" అని కేకేశాడు. లోపల పిల్ల బుట్టలో కూర్చుని ఎదురుచూస్తోంది. మగపెళ్లివాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. కోటు నలుగుతుందని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు. చెవి దగ్గర నోరు పెట్టి, "బావా, నేనొచ్చిన" అన్నాను.

ఆ గొంతు ఆయనకు అందింది. ముఖమంతా ఒక్కసారి వెలిగింది. నా భుజం మీద చెయ్యి వేసి, బూడిదరంగు గుడ్డ మీదే చెయ్యి వేసి, "వచ్చినవారా! ఏందిరా గిది, కోడలి పెండ్లికి గూడ కంపెనీ డ్రెస్సేనా?" అన్నాడు. వెంటనే జాలిపడ్డట్టు, "పోనియ్ తీ. డ్యూటీ దిగి సీదా వచ్చినట్టున్నవ్. బువ్వ తిన్నంకనే పోవాలె, అప్పటి లెక్క తినకుంట పోకు" అన్నాడు.

నేను వెళ్లి మేనకోడలి బుట్టకు చెయ్యి వేశాను. ఫొటోల్లో నా కోటు చాలా బాగా పడిందని అందరూ అన్నారు. భోజనం చేశాను, బావ పక్కనే కూర్చుని. ఆయన నా విస్తట్లోకి చూస్తూ మళ్లీ వడ్డించమని పురమాయించాడు. ఆ మరుసటి ఏడాది పోయాడు. పుట్టింటి బట్ట నేనే తీసుకుపోయి కప్పాను, మెరవని నూలు బట్ట, నాలుగు దుకాణాలు తిరిగి ఎంచింది. డ్రైవర్ చేతిలో పెట్టిన ఆ ముక్క సంగతి నేను ఇప్పటికీ క్షమించలేదు, పెళ్లిలో అన్న మాటను దాని పక్కన రెండోదిగా పెట్టుకున్నాను. మా ఆవిడ మాత్రం బీరువా తలుపు మూసేదాకా ఊరుకునేట్టు లేదు. మూస్తాను. కాలం మా బావను బతికుండగానే గృహప్రవేశం రోజు దగ్గర దింపేసి ముందుకు వెళ్లిపోయింది, నేను ఎన్ని బట్టలు మార్చినా ఆ రోజులో నీలం డ్రెస్‌తోనే ఆయన గేటు ముందు నిలబడి ఉంటాను.