ఐసు పెట్టెలో కంప్యూటర్

ముందుగా ఒక ప్రమాణం. దుర్గమ్మ కొండ వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. (మా బాల్కనీలోంచి కొండ కనపడదు, మధ్యలో ఎవరో అపార్ట్‌మెంట్ లేపారు. కానీ దిక్కు మాత్రం అదే.) నా మాటలు నమ్మవద్దని మా ఇంట్లోవాళ్ళు మీతో ఇదివరకే అని ఉంటే, ఈ ఒక్కసారికి వాళ్ళ మాట పక్కన పెట్టండి.

ఇప్పుడంటే కంప్యూటర్ మనల్ని అడక్కుండానే తనంతట తను కొత్తదైపోతోంది. పొద్దున లేచి చూస్తే తెర మీద బొమ్మలన్నీ చోట్లు మారి ఉంటాయి, అంతే. ఆ రోజుల్లో అలా కాదు. కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. దానికి పూల గుడ్డతో ముసుగు కుట్టించేవాళ్ళం. పిల్లలు దగ్గితే బయటికి పంపేవాళ్ళం. బెజవాడలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. లోపలికి వచ్చేవాళ్ళ చేత చెప్పులు విప్పించడం, ఏసీ బయటికి పోకుండా తలుపు దగ్గరికి వేయించడం నా బాధ్యతలు. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ 'మావాడు కంప్యూటర్ ఇంజినీరు' అని చెప్పుకుంది. కన్నతల్లి మాట కాదనకూడదని నేను ఊరుకున్నాను.

ఊరుకోవడానికి ఇంకో కారణం కైకలూరులో ఉంది. అక్కడ మా మావయ్య చేపల వ్యాపారం చేసేవాడు. ఇంటి పక్కనే ప్యాకింగు యార్డు. కొల్లేటి వైపు చెరువుల నుంచి వచ్చిన చేపల్ని థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి, హౌరా వెళ్ళే లారీలకెక్కించేవాడు. మావయ్యకొక కూతురుంది, నాకు మరదలు. డిగ్రీ చివరి సంవత్సరం కంప్యూటర్లే చదువుతోంది. ఆ అమ్మాయి దగ్గర కాస్త మంచి పేరు కొట్టేద్దామని అప్పటికి చాలా కాలంగా కాచుకుని ఉన్నాను. అలాంటి సమయంలో, ఎండలు మండుతున్న మే నెలలో, మావయ్య ఫోను చేశాడు.

"ఒరే అల్లుడూ, మీ మరదలి కంప్యూటర్‌కి కొత్త సిస్టం ఎక్కించాలంటరా. సోమవారం కాలేజీలో ప్రాజెక్టు చూపిచ్చాలంట. పాతదాంట్లో అది నడవదంట. బయటోళ్ళని పిలవడమెందుకు, నువ్వున్నావుగా!"

"అదెంత పని మావయ్యా, టీ తాగేలోపు అయిపోద్ది" అన్నాను. కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించడం నేను అప్పటికి చూశాను కూడా, గాజు తలుపు బయటి నుంచి.

ఆదివారం పొద్దున్నే మా సారుని బతిమాలి తెచ్చుకున్న సీడీ జేబులో పెట్టుకుని, గుడివాడ మీదుగా బస్సులో కైకలూరు చేరాను. మరదలిది ఏదో ఆఫీసువాళ్ళు వద్దనుకున్న పాత కంప్యూటర్. ఆన్ చేస్తే పిండిమర మోత. మరదలు ముసుగు తీస్తూ అంది: "బావా, ఎండ పూట గంటకంటే ఎక్కువ పనిచెయ్యదిది. వేడెక్కి ఆగిపోద్ది. నా ప్రాజెక్టంతా దీంట్లోనే ఉంది. అది పోదుగా?"

"నేనుండగా ఎలా పోద్ది?"

"నువ్వుంటావనే అడుగుతున్నా."

ఇది ఆప్యాయతేనని తీర్మానించుకుని సీడీ లోపలికి తోశాను. తెర నీలంగా మారింది. ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందో ఒక మూల చూపిస్తోంది. అత్తయ్య మజ్జిగ తెచ్చింది. మావయ్య కుర్చీ వెనక నిలబడి, లారీ లోడు చూసినట్టు చూస్తున్నాడు. నేను కాలు మీద కాలేసుకుని, మధ్య మధ్యలో 'ఊఁ' అని తలూపుతూ ఉన్నాను. ముప్పావు వంతు పని అయ్యిందో లేదో, మర మోత ఆగిపోయింది. తెర నల్లబడింది. చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ సరిగ్గా అక్కడికొచ్చే ఆగింది. ఇప్పుడిక పాత సిస్టం పోయింది, కొత్తది రాలేదు. ఆన్ చేస్తే తెర మీద ఒక చిన్న తెల్లగీత కొట్టుకుంటోంది, అంతే. ప్రాజెక్టు ఆ గీత వెనకాల ఎక్కడో ఉంది.

మరదలు గోళ్ళు కొరుకుతూ నిలబడింది. తిట్టినా బాగుండేది.

"జబ్బేంట్రా దీనికి?" అన్నాడు మావయ్య.

"వేడి మావయ్యా."

"వేడేనా? ఓస్, ముందే చెప్పవేరా! వేడంటే నాది కదా డిపార్ట్‌మెంటు!"

అని లుంగీ ఎగ్గట్టి యార్డులోకి వెళ్ళి, ఒక థర్మోకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వెనకాలే సంచిలో పొడి కొట్టిన ఐసు. నేను, మరదలు ఒకేసారి "నీళ్ళు!" అని అరిచాం. (మా ఇద్దరి మాటా ఒకటైన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.) మావయ్య నవ్వి, ఐసుని పాలిథిన్ కవర్లలో నింపి, రబ్బరు బ్యాండ్లతో మూతులు బిగించాడు. పెట్టెకు ముందువైపు సీడీ కోసం కిటికీ, వెనకవైపు వైర్ల కోసం కంత కోశాడు. సీపీయూని పసిబిడ్డలా ఎత్తి లోపల కూర్చోబెట్టి, ఐసు కవరు చేత్తో పట్టుకుని ఆగాడు.

"దీనికి తల ఎటు వైపురా?"

"తలా?"

"చేపకి తలకాడ ఐసు దండిగా వెయ్యాల. ముందు పాడయ్యేది అక్కడే."

ఇంజినీరుని కదా, ఆలోచించినట్టు ముఖం పెట్టి, "ఫ్యాను వైపు" అన్నాను. తలకాడ నాలుగు కవర్లు, తోకకాడ రెండు వేశాడు. పెట్టెను బల్ల కింద పెట్టి, మూత వేసి, మూత మీద తన అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. నేను మళ్ళీ ఆన్ చేసి సీడీ తోశాక, యంత్రం మోత తగ్గి, కడుపు నిండిన మనిషి గురకలా మారింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆ పెట్టెలో అంతకుముందు ఎన్ని వందల బొచ్చె, రాగండి చేపలు హౌరా ప్రయాణానికి ముస్తాబయ్యాయో మేమెవరం ఆలోచించలేదు. యంత్రం వెచ్చగా ఊదుతుంటే ఆ వాసన గది కిటికీలోంచి వీధిలోకి పోయింది. ముందొక గండుపిల్లి వచ్చింది. తర్వాత దాని బంధువర్గం. కాసేపటికి కైకలూరు పిల్లులన్నీ బల్ల చుట్టూ చేరి, నాకంటే శ్రద్ధగా తెర వైపు చూస్తున్నాయి.

రెండుసార్లు మధ్యలో ఆగినందుకేమో, సరిగ్గా అప్పుడే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. పాత సరుకు ఉంచమంటావా, తుడిచేసి మొదలుపెట్టమంటావా అని దాని సారాంశం. అంతా ఇంగ్లీషు. ఏది నొక్కితే ఏమవుతుందో నాకు తెలియదు. గడ్డం గోక్కుంటూ చదివిందే చదువుతున్నాను. అత్తయ్య చీపురు తీసుకుని "ఛీ పో!" అని అదిలించింది. గండుపిల్లి ఒక్క గెంతుతో బల్లెక్కి, కీబోర్డు మీద నుంచి నడిచి, కిటికీలోంచి దూకింది. ప్రశ్న మాయమైంది. నేను తేల్చుకోలేని దాన్ని అది నడుస్తూ నడుస్తూ తేల్చేసింది.

"ఏం నొక్కింది బావా?"

"నేను నొక్కుదామనుకున్నదే."

ఈసారి యంత్రం ఆగలేదు. మావయ్య కవర్లు మారుస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి తెర మీద కొత్త బొమ్మ వచ్చింది. అత్తయ్య దండం పెట్టింది. "చూశారా! చేపయితే ఇదే ఐసుతో హౌరా దాకా ఆగేది" అన్నాడు మావయ్య. నేను ప్రాజెక్టు ఉండాల్సిన చోటు తెరిచాను. ఏమీ లేదు. ఇంకో చోట చూశాను. అక్కడా లేదు. పిల్లి తుడిచేసిందని తేలిపోయింది. ఆఖరి బస్సు ఎన్నింటికో గుర్తు తెచ్చుకుంటూ, మరదలి వైపు తిరిగాను.

ఆమె గోళ్ళు కొరకడం మానేసి, లోపలికెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో వరసగా ఫ్లాపీలు.

"నువ్వొస్తున్నావని నాన్న చెప్పిన రోజే కాపీ చేసి పెట్టుకున్నా బావా."

"మరి పొద్దుట్నుంచీ అంత భయపడ్డావెందుకు?"

"నేను భయపడకపోతే నీకు భయముండదు. నీకు భయం లేకపోతే ఇంకా ఏమేం చేస్తావో అని."

మావయ్య మూడు వీధులకు వినపడేలా నవ్వాడు. నేను సీడీ జేబులో పెట్టుకుని లేచాను. అప్పుడామె గుమ్మం దాకా వచ్చి, "పులుసు కాగుతోంది, తిని వెళ్ళు బావా" అంది. ఆగాను. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.

సోమవారం ప్రాజెక్టు నడిచింది. ఆమె ఇప్పుడు మంగళగిరి దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. వాళ్ళాయన నాకు మంచి స్నేహితుడు, నేను చెప్పేవన్నీ నమ్ముతాడు. శిక్షణ కేంద్రంలో చెప్పులు విప్పించిన ఆ కుర్రాడు కనపడితే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది. అద్దంలో అప్పుడప్పుడు కనపడుతూనే ఉంటాడు.

ఇక ప్రమాణం సంగతి. ఇంతసేపూ మీరు ఐసు పెట్టెను అనుమానిస్తున్నారని తెలుసు. పెట్టె నిజం. తల ఎటని అడగడం నిజం. కీబోర్డు తొక్కిన పిల్లి నిజం. (పిల్లుల లెక్కలో కాస్త చెయ్యి జారింది, దాన్ని కల్పన అనరు.) నేను అల్లింది ఒక్కటే. పులుసు తిని వెళ్ళమన్నది ఆమె కాదు, అత్తయ్య. ఆమె అప్పటికే నేను లేచిన కుర్చీలో కూర్చుని, వెన్ను నావైపు పెట్టి, ఒక్కొక్క ఫ్లాపీ లోపలికి తోస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆమెకే ఇస్తూ వచ్చాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, అది నాకు ఆమె గొంతుతోనే వినపడుతోంది.