పెరిగిన నా చేతులు, అత్త మోసిన నింద

నాకు వచ్చిన జబ్బు గురించి తెలిసినవాళ్ళకు చాలాసార్లు చెప్పాను. పోయిన ఏటిదాకా, చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి దాటేశాను. కడుపులో పెట్టిన మందు కక్కిస్తానన్న మనిషి, నా వాంతిలోంచి తీసినట్టు ఒక వెంట్రుకల ఉండను చూపించాడు. ఆ ఉండ అంతకుముందే అతని గుప్పిట్లో ఉంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

తేడా మొదట తెలిసింది బూట్లతో. నేను పాల్వంచ థర్మల్ ప్లాంటులో షిఫ్టు పని చేసేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు సేఫ్టీ బూట్ల కోసం స్టోరుకు వెళ్తే, ఎప్పుడూ తొడిగే తొమ్మిదో నంబరులో కాలు దూరలేదు. స్టోర్ కీపర్ నవ్వాడు.

"ఏందన్నా, నలభై దాటినంక ఇంకా పెరుగుతున్నవా? వచ్చే యేడు నీకు బూట్లు కాదు, గోదారికెళ్ళి రెండు పడవలు తెప్పియ్యాలె."

నేనూ నవ్వి పదో నంబరు తీసుకున్నాను. తర్వాత అదీ చాలలేదు. పెళ్ళి ఉంగరం వేలికి బిగుసుకుపోతే కోయించాల్సి వచ్చింది. దవడ ముందుకొచ్చింది, పళ్ళ మధ్య సందులు పడ్డాయి, గొంతు బొంగురుపోయింది. నా భార్య సరోజ పెళ్ళి ఫోటో తెచ్చి నా పక్కన పెట్టి చూసింది.

"ఇది లావు కాదయ్యా. నీ మొఖమే మారింది. దవాఖానకు పోదాం పా."

"షిఫ్టుల తిండి, బీరు. గంతే" అన్నాను.

ప్లాంటులో నన్ను పహిల్వాన్ అని పిలిచేవాళ్ళు. అది నాకు బాగానే ఉండేది. కానీ ఇంట్లో, భార్యాభర్తల మధ్య ఉండాల్సింది పూర్తిగా ఆగిపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

దమ్మపేటలో ఉండే మా అక్క ఆ రోజుల్లోనే వచ్చింది. నన్ను చూసి ఏడ్చింది. సరోజ నీళ్ళకు వెళ్ళినప్పుడు దగ్గరికొచ్చి అడిగింది.

"మీ అత్త వచ్చినప్పుడల్లా నీకేం వండి పెడ్తదిరా?"

మా అత్త ముత్తమ్మది బూర్గంపాడు దాటాక అడవి పక్క ఊరు. వచ్చినప్పుడల్లా తేనె, ఇప్పపూలు తెచ్చేది. వెదురు కొమ్ముల కూర వండేది.

"గదే మరి! అల్లుడు బిడ్డ మాట దాటొద్దని మందు పెట్టింది. అందుకే గిట్లయినవు" అంది అక్క.

మా వైపు ఈ భయం పాతది. తిండిలో కలిపి ఎవరో ఏదో పెట్టారని, అది కడుపులో ఉండి మనిషిని మార్చేస్తుందని, కక్కిస్తే పోతుందని నమ్ముతారు. అక్క నన్ను అలా కక్కించే మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది. అతను ఏదో పసరు తాగించాడు. నేను వాంతి చేసుకుంటుంటే గుప్పిట తెరిచి, అందులోంచే ఏరినట్టు ఆ ఉండను చూపించాడు. అక్క గుండెలు బాదుకుంది. నేను నోరు మెదపలేదు. నా మగతనం దానంతటదే పోయిందని ఒప్పుకోవడం కన్నా, దాన్ని ఎవరో మందు పెట్టి తీసేశారనుకోవడం నాకు తేలికగా ఉంది.

ఇంటికొచ్చి, "మీ అమ్మ ఈ గడప తొక్కొద్దు" అన్నాను.

"నువ్వు నమ్ముతున్నవా?" అని అడిగింది సరోజ. నేను షిఫ్టుకు బయల్దేరాను.

అక్క ఆ సంగతిని బస్సుల్లో, సంతల్లో చెప్పింది. అది మా అత్త ఊరికీ చేరింది. ఆ ఊళ్ళో ఎవరు ప్రసవించినా పథ్యం వండడానికి అత్తనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపులు ఆగిపోయాయి. ఆమె చేతి తిండి ముట్టుకోవడానికే జనం భయపడ్డారు.

మరుసటి ఎండాకాలం, రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వస్తున్న బస్సు నాకు కనబడలేదు. డ్రైవర్ బ్రేకు కొట్టి బూతులు తిట్టాడు. సరోజ నన్ను ఖమ్మంలో కంటి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన పరీక్షించి, "రెండు పక్కలా చూపు తగ్గింది. నా అనుమానం కళ్ళ మీద కాదు, తల లోపల" అన్నారు. తర్వాత నా చేతుల వైపు చూసి, "మీ చెప్పుల సైజు పెరిగిందా?" అని అడిగారు.

హైదరాబాద్ ఆసుపత్రిలో గ్లూకోజ్ నీళ్ళు తాగించి, ఆగి ఆగి రక్తం తీశారు. మామూలు మనిషికి అప్పుడు గ్రోత్ హార్మోన్ తగ్గాలట. నాకు తగ్గలేదు. ఎంఆర్ఐలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ కనబడింది.

"దీన్ని ఆక్రోమెగాలీ అంటారు. గడ్డ క్యాన్సర్ కాదు. కానీ గ్రోత్ హార్మోన్ విపరీతంగా వదులుతోంది" అన్నారు డాక్టర్.

"ఎవరన్నా తిండిలో ఏమన్నా పెడితే ఇట్లయితదా సార్?"

ఆయన రాస్తున్నది ఆపారు. "ఏ తిండీ దీన్ని తేలేదు. ఎన్నేళ్ళ నుంచో మీ తలలో పెరుగుతోంది."

సరోజ నా ముఖంలోకి చూసింది. అప్పుడైనా గుప్పిట సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు.

ముక్కు గుండా ఆపరేషన్ చేశారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది. కానీ రక్తనాళం పక్కన కొంత గడ్డ మిగిలిపోయింది, దాన్ని ముట్టుకోలేమన్నారు. హార్మోన్ తగ్గించడానికి నెలనెలా ఇంజెక్షన్ మొదలైంది. ఆ తర్వాత, పెద్ద పేగు లోపల గొట్టంతో చూసే కొలనోస్కోపీ చేయించమంటే, కడుపులో నాకేం నొప్పి లేదన్నాను.

"ఇన్నేళ్ళు ఆ హార్మోన్ ఎక్కువుంటే పెరిగేది చేతులే కాదు. పేగు లోపలి పొరా పెరుగుతుంది, పాలిప్స్ అనే చిన్న కండబుడిపెలు రావచ్చు" అన్నారు డాక్టర్.

పాలిప్స్ ఉన్నాయి. ఒకదాని బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. పెద్ద పేగులో కొంత భాగం తీసేశారు. కుట్లు చీము పట్టి, చాలా రోజులు మంచం దిగలేకపోయాను. సిగరెట్, బీరు వల్లనా అని అడిగాను.

"హార్మోన్ మీ తప్పు కాదు. సిగరెట్, బీరు, బరువు మీ చేతిలోవి. అవి కూడా రిస్క్ పెంచేవే. మీలో ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను" అన్నారు.

డిశ్చార్జ్ అయ్యాక సరోజ చెప్పింది. మా అత్త అంత దూరం వచ్చి, వార్డు బయట బెంచీ మీద కూర్చుని వెళ్ళిందట. తినడానికి ఏమీ తేలేదట. ఒట్టి చేతులతో వచ్చిందట.

ఇప్పుడు ప్లాంటులో తేలిక పని చేస్తున్నాను. ఇంజెక్షన్, కొలనోస్కోపీ మానలేదు. సిగరెట్, బీరు మానేశాను. పెరిగిన ఎముకలు మాత్రం తిరిగి తగ్గవు. చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పెద్ద వయసులో ఉంగరం, బూట్లు బిగుతవుతూ ముఖం మారుతుంటే, పాత ఫోటో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గ్రోత్ హార్మోన్ పరీక్ష అవసరమా అని అడగండి.

పోయిన ఏడు మా బావమరిదికి కొడుకు పుట్టాడు. పురుటి భోజనాలకు అక్కను వెంటబెట్టుకుని మా అత్త ఊరు వెళ్ళాను. మా అత్త సొంత మనవడి పురుడు అది. అయినా ఆమె పొయ్యికి దూరంగా, పందిరి చివర కూర్చుని ఉంది. జనం విస్తళ్ళ ముందు కూర్చున్నాక నేను లేచి నిలబడ్డాను.

"మా అత్త నాకేం పెట్టలే. నా తలల గడ్డ లేచింది. ఆ వెంట్రుకల ఉండ కక్కించినోడి గుప్పిట్లనే ఉండె. నేను చూసిన."

అక్క తల దించుకుంది. "ఇన్నేండ్లకు చెప్తున్నవా?" అని ఎవరో అన్నారు.

మా అత్త కోపం చేయలేదు. "అప్పుడు చెప్తే నా చేతి తిండి తినేటోళ్ళు అల్లుడా. ఇప్పుడు చేతులు వణుకుతున్నయ్. వండలేను."

ఆమె చేతులు పట్టుకున్నాను. అవి నా చేతుల్లో కనబడకుండా పోయాయి.

"తప్పయింది అత్తా. జబ్బు నాది, నింద నీ మీద వేసిన. నన్ను క్షమించు."