ట్యాంకర్ రాని వరస

ఆ రోజుల్లో, అంటే హైదరాబాదులో బొమ్మల చదువు ముగించుకుని ఉదయగిరికి తిరిగొచ్చిన ఎండాకాలంలో, లోకానికి నేను చెప్పవలసింది చాలా ఉందనీ, వినడానికి లోకం కాచుకుని కూర్చుందనీ గట్టిగా నమ్మేదాన్ని. కుంచెలు పాతబడిపోయాయి, ఇక ఇంట్లో వాడే వస్తువులతోనే రాజకీయం మాట్లాడాలని మా క్లాసులో అందరం అనుకునేవాళ్లం. (ఆత్మకూరులో అంగళ్లకు బోర్డులు రాసుకున్నా బతకొచ్చు కదా అని మా నాయన గొణిగేవాడు.)

ఒక ఉదయం మా మేనత్త ఇంట్లోవీ, పాత సామాన్ల అంగట్లో అడిగి తెచ్చినవీ ఖాళీ బిందెలన్నీ పోగేశాను. ఇత్తడి, స్టీలు, ప్లాస్టిక్, చొట్టపడ్డవి అన్న తేడా లేకుండా వీధి మొగదల ఒకే వరసలో పేర్చాను. నా కళాఖండం పేరు 'సమానత్వం'. ఆ పేరు రాసిన అట్టను కట్టడానికి దారం కోసం ఇంట్లోకి వెళ్లాను. అంతే! తిరిగొచ్చేసరికి వరస రెట్టింపైంది. పక్కింటి ఖాలా డ్రమ్ము ఈడ్చుకొస్తూ, "ట్యాంకర్ వస్తా ఉండాదంట, రాండి!" అని కేకలు పెడుతోంది.

"ఖాలా, ట్యాంకర్ కాదు, ఇది ఆర్టు" అన్నాను.

"ఆర్టో గీర్టో, నా డ్రమ్మును కదిలించినావంటే చూడు!"

మేనత్త నా పక్షాన నిలబడుతుందనుకున్నాను. ఆవిడ కొంగు బిగించి, "ముందుండేవన్నీ మావే! పొద్దున్నే పెట్టినాము!" అంటూ యుద్ధంలోకి దిగింది.

ట్యాంకర్ రాదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఎండ నెత్తికెక్కాక మేనత్తే, "సోమశిల డ్యాములో అన్ని నీళ్లుండాయి, మనకేంది ఈ ఖర్మ? పదండి మండలాఫీసుకు!" అంది. అప్పటిదాకా తిట్టుకున్నవాళ్లంతా ఒక్కటై, నా కళాఖండాన్ని చంకనెత్తుకుని కదిలారు. అట్ట పట్టుకుని నేనూ వెనకాలే పరిగెత్తాను. ఆఫీసు మెట్ల మీద బిందెలు దరువేస్తుంటే అధికారి బయటికొచ్చి, అట్ట చదివి, "సమానత్వమంటే ఏందమ్మా, అన్ని వీధులకూ ట్యాంకరా?" అని అడిగాడు. "అవును సార్" అన్నాను. (అంతకన్నా సూటైన వ్యాఖ్యానం నా కళాఖండాలకు మళ్లీ దొరకలేదు.)

సాయంత్రానికి ట్యాంకర్ నిజంగానే వచ్చింది. నేనేం చేశాననుకున్నారు? జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ పైపు దగ్గరికి చేరి, "ముందుండేది మా అత్త బిందె!" అని గొంతు చించుకున్నాను.

ఇప్పుడు నా కళాఖండాలు ఏసీ హాళ్లలో ఉంటున్నాయి. వచ్చినవాళ్లు మెల్లగా మాట్లాడుకుని, తలలాడించి వెళ్లిపోతారు. అప్పుడు, తడిసిన చుడీదార్‌తో, నెత్తిన నిండు బిందెతో, ఏదో రాజ్యం గెలిచినట్టు నడిచొచ్చిన ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.